గేర్‌బాక్స్ పాడైందని కాదు, ఏ ఆయిల్ పోశారో నిరూపించాలి

ప్రశ్న: నేను విజయవాడలో టీచర్‌ని. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా ఆటోమేటిక్ కారు (సీవీటీ రకం గేర్‌బాక్స్) లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. కొద్దిగా జెర్క్ వస్తున్నా 2024 జూలై మొదటి వారంలో అందులోనే హైదరాబాద్ వెళ్లి వచ్చాం. ఆ జెర్క్ పోతుందని జూలై 18న ఒక గ్యారేజీలో గేర్ ఆయిల్ మార్పించాను. ఆగస్టు 30న బెంజి సర్కిల్ దగ్గర బండి ఆగిపోయింది, ‘డి’లో పెట్టినా కదల్లేదు. గ్యారేజీ ఓనరు ఇప్పటికీ ‘చూద్దాం సార్’ అంటూనే ఉన్నాడు. నాన్నగారిని డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళ్తున్నాం. వేరే మెకానిక్‌ని అడిగితే 1.4 లక్షలు అవుతుందన్నాడు. గుంతలో పడి కింద దెబ్బ తగిలిందని చెప్పి ఇన్సూరెన్స్‌లో పెడదామంటున్నాడు. పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తున్నాను కాబట్టి, గ్యారేజీ కుర్రాడు పంపిన ఫోటోలు మీకు పంపుతున్నాను.

జవాబు: ముందు ఆ ఫోన్ ఎవరికీ ఇవ్వకండి. మీ కేసంతా అందులోనే ఉంది.

ఫోటోల్లో నాలుగోది చూడండి. మీ కారు పక్కన నేల మీద ఖాళీ డబ్బా ఉంది. దాని మీద ఏటీఎఫ్ (మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లకు వాడే ఆయిల్) అని ఉంది, సీవీటీ ఫ్లూయిడ్ అని ఎక్కడా లేదు. మీ బండి గేర్‌బాక్స్‌లో స్టీలు బెల్టు రెండు పుల్లీల మధ్య పట్టు మీద తిరుగుతుంది. ఆ పట్టు కోసమే సీవీటీకి వేరే ఫ్లూయిడ్ ఉంది. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి, పుల్లీలు గీసుకుపోతాయి. బిల్లులో ఏమో ‘ఆయిల్ చేంజ్, 6,500’ అని ఒకే ముక్క. ఏ ఆయిలో రాయించుకోకుండా డబ్బు కట్టి వచ్చేశారు. పిల్లల చేత ప్రతి జవాబుకూ కారణం రాయించే మీరు బిల్లు దగ్గర అంత ఉదాసీనంగా ఎలా ఉన్నారు?

అవతలి లాయరు వాదన ఇప్పుడే చెప్పగలను: ‘అరిగిపోయిన గేర్‌బాక్స్ అది, ఆయిల్ మార్చకముందే జెర్క్ ఉందని ఆయనే వాట్సాప్‌లో రాశారు’ అంటారు. ఆ మెసేజ్ డిలీట్ చేయకండి, అవతలివాళ్ల ఫోన్లో ఎలాగూ ఉంటుంది. దానికి జవాబు మీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. జూలై మొదటి వారంలో హైదరాబాద్ వెళ్లి వచ్చామని రాశారు కదా, టోల్ ప్లాజాల టైములన్నీ అందులో ఉంటాయి. జెర్క్ ఉన్నా దూర ప్రయాణం చేసిన బండి, ఆ ఆయిల్ పడ్డాక ఆరు వారాల్లో ఆగిపోయింది. వాదన అక్కడ నిలబడుతుంది.

అయితే గేర్‌బాక్స్‌లో మిగిలిన ఆయిల్ అటు ఇటు ఎటైనా చెప్పగలదు. రేడియేటర్‌లోని గేర్ ఆయిల్ కూలర్ లీకై కూలెంట్ కలిస్తే ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. అలా వస్తే మీ వాదన బలహీనపడుతుంది. తెలుసుకోవడమే మేలు. కాబట్టి గేర్‌బాక్స్ విప్పించొద్దు, ఆయిల్ పోయించొద్దు, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. లైసెన్స్ ఉన్న స్వతంత్ర సర్వేయర్‌ని పిలిచి, ఫలానా రోజు శాంపిల్ తీస్తున్నామని గ్యారేజీకి ముందుగా రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్లు రాకపోతే ఆ నష్టం వాళ్లదే. డ్రెయిన్ ప్లగ్ విప్పగానే వచ్చే మొదటి ధార వదిలేసి, శుభ్రమైన రెండు గాజు సీసాల్లో పట్టి, సీల్ వేసి, సంతకాలు చేయించి, వీడియో తీయండి. మీరు ఫిర్యాదు వేసే వినియోగదారుల కమిషన్ అవసరమనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద శాంపిల్‌ని లాబ్‌కి పంపిస్తుంది.

ఇన్సూరెన్స్ సలహా ఇచ్చినవాడికి దూరంగా ఉండండి. మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి మామూలు మోటారు పాలసీ వర్తించదు. జరగని ప్రమాదాన్ని రాసి సంతకం పెడితే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ దాకా వెళ్తుంది. పైగా గుంత వల్ల పాడైందని క్లెయిమ్ ఫారంలో రాసి, ఆయిల్ వల్ల పాడైందని కమిషన్‌లో ఎలా చెబుతారు? మీ సంతకమే మీ కేసును ముంచుతుంది.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. ఆయిల్ పోసిన రోజా, బండి ఆగిన రోజా అన్న వాదన మనం పెట్టుకోవద్దు. ముందు తేదీనే లెక్కేసుకోండి. 2026 జూలై 18 శనివారం అవుతుంది. 17వ తేదీ శుక్రవారం లోపు ఫిర్యాదు పడిపోవాలి. ‘చూద్దాం సార్’ మెసేజ్‌లు, లీగల్ నోటీసు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం, ఇవేవీ గడువును పెంచవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, ఓనరు మాట నమ్మి ఊరుకున్నానంటే సరిపోతుందనుకోకండి.

మీరుండే ప్రాంతంలోని జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. బిల్లు మీద ‘రిపేర్లకు గ్యారెంటీ లేదు’ అని అచ్చువేసి ఉంటే బెదిరిపోకండి, నిర్లక్ష్యాన్ని అది కాపాడదు. వాట్సాప్ ఫోటోలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు ఇచ్చే ధ్రువీకరణ) జతచేయండి. అడగడం మాత్రం న్యాయంగా అడగండి: అప్పటికే అరిగిన గేర్‌బాక్స్‌కి పూర్తి 1.4 లక్షలు రావడం కష్టం. రిపేరు ఖర్చులో సమంజసమైన భాగం, 6,500 వాపసు, ఆటోలకైన ఖర్చు రసీదులతో, దాని మీద కొంత పరిహారం అడగండి. నోటీసులో పది రోజులే ఇవ్వండి, జవాబు కోసం ఆగకుండా ఈలోపు ఫిర్యాదు రాసి పెట్టుకోండి.