గ్యాంట్రీ రిమోట్: ముందు బ్యాటరీ తీసి చూడండి

ప్రశ్న: మాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. గ్యాంట్రీ క్రేన్‌కి వైరుతో వేలాడే బటన్ల పెట్టె (పెండెంట్) తీసేసి, ఆన్‌లైన్లో కొన్న రేడియో రిమోట్ పెట్టించాం. లోడు మీద ఉండగానే అప్పుడప్పుడూ ఆగిపోతోంది. మొన్న పక్క షెడ్డు వాళ్లు వాళ్ల రిమోట్ నొక్కితే మా హుక్కు కిందికి దిగింది. యాంటెన్నా మారిస్తే సరిపోతుందా?
- ఓ పాఠకుడు, టెక్కలి

సరిపోదండీ. ఈ రెండూ ఒకే జబ్బు కాదు. మధ్యలో ఆగిపోవడం చికాకు, అంతే. పక్కవాళ్ల బటన్‌కి మీ హుక్కు దిగిందంటే మాత్రం ప్రాణాల మీదికొచ్చే సంగతి. ముందు ఆ రిమోట్ ఆపేసి, పెండెంట్ మళ్లీ తగిలించండి. మీ నీలం రాయి ఘనమీటరు సుమారు 2.7 టన్నులుంటుంది. 3 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తున్న దిమ్మ 18 టన్నులు దాటుతుంది.

క్రేన్ మీద సిగ్నల్ అందుకునే ప్రతి రిసీవరూ తన రిమోట్ ఐడీ ఉన్న సిగ్నల్‌కే పలకాలి. ఛానల్ (ఫ్రీక్వెన్సీ) వేరు, ఐడీ (ఆ రిమోట్ సొంత కోడ్) వేరు. రెండు షెడ్లలో ఒకటే మోడల్, బిగించినవాడు ఒకే కోడ్ వదిలేశాడంటే మీకు జరిగిందే జరుగుతుంది. ఐడీ మార్చే వీలు లేని సెట్టయితే అమ్మినవాడికే తిప్పి పంపండి. కొత్తది కొనేటప్పుడు ప్రతిసారీ మారే రోలింగ్ కోడ్ ఉందా అని అడగండి. పేరున్న కంపెనీల క్రేన్ రిమోట్ల సిగ్నల్ రికార్డు చేసి, తిరిగి వదిలి క్రేన్‌ని కదిలించవచ్చని 2019లో సైబర్ భద్రతా కంపెనీ ట్రెండ్ మైక్రో పరిశోధకులు చూపించారు. ఫ్రీక్వెన్సీ కూడా చూడండి. మన దేశంలో 865-868 మెగాహెర్ట్జ్‌కి లైసెన్సు అక్కర్లేదు, కాకపోతే పవర్ పరిమితి ఉంటుంది. అమెరికా కోసం చేసిన 915 సెట్టు చవగ్గా వస్తోందని తెప్పించకండి, ఆ పట్టీలో కొంత భాగం ఇక్కడ మొబైల్ నెట్‌వర్కులది.

ఇక అసలు పరీక్ష. ఎర్ర బటన్ నొక్కితే ఆగడం గొప్పేం కాదు, సిగ్నల్ పోయినా ఆగాలి. హుక్కు ఖాళీగా ఉంచి, కింద ఎవరూ లేకుండా చూసి, ఒక మనిషిని మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టండి. క్రేన్ ట్రాక్ మధ్యలో నెమ్మదిగా వెళ్తుండగా, బటన్ వదలకుండానే రిమోట్‌లోంచి బ్యాటరీ తీయించండి. మాన్యువల్లో రాసిన టైములోగా, అంటే చాలా సెట్లలో రెండు సెకన్ల లోపే, రిసీవర్ మెయిన్ కాంటాక్టర్‌ని (మోటార్లకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్‌ని) 'టక్'మని వదిలేయాలి. మళ్లీ బ్యాటరీ వేశాక స్టార్ట్ నొక్కితే తప్ప కదలకూడదు. ఇందులో ఫెయిలైతే రిసీవర్ స్టాప్ రిలే మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌తో సిరీస్‌లో ఉందో, ఎవరైనా జంపర్ (అడ్డదారి వైరు) వేసి తప్పించారో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ప్యానెల్ తెరిచే ముందు ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) దించి తాళం వేయాలి, తాళంచెవి పని చేసేవాడి జేబులోనే ఉండాలి.

మధ్యలో ఆగడానికి నాకు మొదటి అనుమానం యాంటెన్నా ఇనుప ప్యానెల్ లోపలే ఉండిపోయిందని. దాన్ని బయటికి తెప్పించండి. రెండోది కాంటాక్టర్ కాయిల్స్. అవి వదిలినప్పుడల్లా వచ్చే స్పైక్ (క్షణంపాటు ఎగిసే వోల్టేజి) రిసీవర్‌ని రీసెట్ చేస్తుంది, కాయిల్ మీద దాన్ని అణిచే స్నబ్బర్ పెడితే తగ్గుతుంది. అన్నట్టు, పాలిషింగ్ బురద పడకుండా రిమోట్‌కి పాలిథిన్ సంచి చుట్టి రబ్బరు బ్యాండ్ వేస్తారు చూశారూ, అది తీయించండి. ముడత బటన్ మీద పడితే నొక్కిన బటన్ పైకి లేవదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ప్రశ్న: ఒకే క్రేన్‌కి రెండు రిమోట్లు ఇచ్చారు. షెడ్డు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు వాడొచ్చా?
- ఓ పాఠకురాలు, బొబ్బిలి

వద్దమ్మా. రెండోది స్పేరు. ఒకరు ఆపుతుంటే ఇంకొకరు కదిలిస్తారు. స్పేరు రిమోట్ బ్యాటరీ తీసి సూపర్‌వైజర్ బీరువాలో పెట్టించండి. మొదటిది పాడై చేతికి తెచ్చిచ్చాకే ఇది బయటికి రావాలి.