జనాభా ఎక్కువైతే ప్రమాదమా, తక్కువైతేనా? ఒక్కో దేశంలో ఒక్కోలా ఎందుకుంది?

రెండూ దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను. పుట్టి పెరిగింది పశ్చిమ గోదావరిలో ఒక పల్లెటూరు. ఉద్యోగం పేరుతో ఏడేళ్ళు ఉన్నది జపాన్ ఉత్తరాన అకిటా అనే రాష్ట్రంలో. జనం ఎంతమంది అన్నది కాదు, ఆ లెక్క ఎంత వేగంగా మారిందన్నదే అసలు చిక్కు అని నాకు అక్కడే అర్థమైంది.

ముందు ఎక్కువవడం సంగతి. మా తాతమ్మకి తొమ్మిది కాన్పులు, బతికింది నలుగురు. మా మామ్మకి ఆరుగురు పిల్లలు, ఆరుగురూ బతికారు. టీకాలు, ఆసుపత్రులు వచ్చి చావులు ముందు తగ్గాయి. కనడం తగ్గడానికి ఇంకో తరం పట్టింది. ఆ మధ్యకాలంలోనే జనం ఒక్కసారిగా పెరుగుతారు. 1951లో 36 కోట్లున్న మనం 2011కి 121 కోట్లయ్యామంటే ప్రధాన కారణం ఇదే. ఆఫ్రికాలోని నైజర్ లాంటి దేశాలు ఇప్పటికీ దాదాపు మా మామ్మ కాలంలోనే ఉన్నాయి. అక్కడ సగటున ఒక్కో తల్లికి ఆరుగురు. దేశంలో సగం మందికి పదహారేళ్ళు కూడా నిండవు. ఎన్ని బడులు కట్టినా ఏటా చాలవు.

మా ఇంట్లో దాని ఫలితం పొలంలో కనిపించింది. తాతకి ఏడెకరాలు, నలుగురు కొడుకులు. తలా ఎకరం డెబ్భై ఐదు సెంట్లు వచ్చింది. గట్టు మీదున్న కొబ్బరి చెట్టు ఎవరి వాటాలోది అన్న తగువు మా నాన్నకీ బాబాయికీ మధ్య ఇరవై ఏళ్ళు నడిచింది. ఆ తగువులోనే మాటలు కూడా మానేశారు. చివరికి తుఫానుకి చెట్టే పోయింది.

ఇక అకిటా. జపాన్ మొత్తంలో వృద్ధుల శాతం అక్కడే ఎక్కువ, పదిమందిలో దాదాపు నలుగురు 65 దాటినవాళ్ళు. నేనున్న చిన్న ఊళ్ళో రోజూ సాయంత్రం ఐదింటికి స్తంభం మీది మైకులో ఒక పాట వచ్చేది. చీకటి పడుతోంది, పిల్లలు ఇళ్ళకి వెళ్ళండి అని దానర్థం. మా వీధిలో పిల్లలే లేరు. ఏడేళ్ళూ ఆ పాట మాత్రం ఒక్కరోజు మానలేదు. వీధి సంఘంలో అందరికంటే చిన్నవాణ్ణి నేనే, అప్పటికి నాకు ముప్పై ఆరు.

పక్కింట్లో ఎనభై రెండేళ్ళ మామ్మగారు ఒక్కరే ఉండేవారు. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ తెచ్చి ఇచ్చేవారు (మన ఆవకాయ ముందు అది ఆగదు, అయినా అలవాటైపోయింది). చలికాలంలో ఆవిడే నిచ్చెన వేసుకుని ఇంటికప్పు మీది మంచు దించుకునేవారు. నేను వెళ్ళి పార లాక్కుంటే నవ్వేవారు. ఆ పని చేస్తూ జారిపడి చనిపోయే ముసలివాళ్ళు అక్కడ ఏటా ఉంటారు. ఆవిడకి అటుపక్క ఇల్లు ఖాళీ. మంచు దించే దిక్కులేక ఒక ఫిబ్రవరి రాత్రి దాని కప్పు కూలింది. వారసులెవరో టోక్యోలో ఉన్నారట, ఎవరూ రాలేదు. జపాన్‌లో అలాంటి ఖాళీ ఇళ్ళు 2023 లెక్కకి 90 లక్షలు. మనుషులు తగ్గిన చోటికి ఎలుగులొచ్చాయి. పళ్ళు కోసేవాళ్ళు లేని చెట్లు, దున్నేవాళ్ళు లేని పొలాలు ఉంటే అడవిలో మేత తగ్గిన ఏడాది అవి నేరుగా ఊళ్ళోకి దిగుతాయి. 2023లో ఒక్క అకిటాలోనే 70 మంది దాకా ఎలుగుల దాడిలో గాయపడ్డారు. మా ఫ్యాక్టరీ దారిలో కూడా గంట కట్టుకుని నడవమని బోర్డు పెట్టారు.

జపాన్‌లో జనం ఇలా తగ్గడానికి కారణం ఒక్కటి కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జపాన్‌లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేశారు, కుటుంబ నియంత్రణ ప్రచారం చేశారు. 1947లో తల్లికి సగటున నాలుగున్నర మంది ఉంటే పదేళ్ళలో రెండుకి పడిపోయింది. 1970ల మొదట్లో పుట్టిన పెద్ద తరం 90లలో ఉద్యోగాల వయసుకొచ్చేసరికి దేశం మాంద్యంలో పడింది. పర్మనెంట్ ఉద్యోగం లేకపోతే పెళ్ళి లేదు. పెళ్ళి లేకపోతే అక్కడ పిల్లలూ లేరు, పెళ్ళికాని తల్లులకి పుట్టేవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురే. ఆ తరం కనాల్సిన పిల్లలు పుట్టనే లేదు. 1949లో దాదాపు 27 లక్షల మంది పుట్టిన దేశంలో 2024లో 6.86 లక్షలు. ఇప్పుడు డబ్బులిస్తాం, కనండి అంటోంది ప్రభుత్వం. దక్షిణ కొరియా ఎంత ఖర్చు పెట్టినా తల్లికి సగటు పిల్లలు 2023లో 0.72కి దిగారు, కాబట్టి ఈ డబ్బుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

వేగం అన్నాను కదా. జనాభాలో 65 దాటినవాళ్ళు 7 శాతం నుంచి 14 శాతానికి చేరడానికి ఫ్రాన్స్‌కి వందేళ్ళకు పైనే పట్టింది, జపాన్‌కి 24 ఏళ్ళు. అయినా జపాన్ ముందు డబ్బు చేసుకుంది, తర్వాత ముసలిదైంది. నాకు నలభై నిండిన నెల జీతం స్లిప్‌లో కొత్త కోత కనిపించింది. ఏంటని అడిగితే వృద్ధుల సంరక్షణ బీమా అన్నారు. 2000లో పెట్టారు, నలభై దాటిన ప్రతివాళ్ళూ కట్టాలి. మొదట ఒళ్ళు మండింది. పక్కింటి మామ్మగారికి వారానికి రెండుసార్లు స్నానం చేయించడానికి వచ్చే మనిషి జీతం అందులోంచే వస్తుందని తెలిశాక మాట్లాడలేదు.

మన దగ్గర ఆ ఏర్పాటేదీ లేదు. మనకింకా జనం ఎక్కువే కదా అనుకుంటాం. "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" గోడరాతలు చూస్తూ పెరిగినవాళ్ళం మరి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి సగటు పిల్లలు 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనని 2024లో మన ప్రభుత్వమే ఎత్తేసింది. మా ఊరి బడిలో ఇప్పుడు పద్నాలుగు మంది పిల్లలు. అందులో ప్రైవేటు బడి బస్సుల పాత్ర కూడా ఉంది, అంతా జనాభా మీదికి నెట్టలేం.

పోయిన దాళ్వాకి (రెండో పంట వరికి) ఊరెళ్ళాను. మా ఎకరం డెబ్భై ఐదు సెంట్లలో నాట్లు వేసింది పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు. మనవాళ్ళు దొరకడం లేదు. చమత్కారం ఏంటంటే అదే సర్వేలో బెంగాల్ సగటు 1.6, మనకంటే తక్కువ. వాళ్ళ మేస్త్రీతో వచ్చీరాని హిందీలో మాట కలిపి, పిల్లలెంతమంది అని అడిగాను. ఒక్కడే కొడుకట, బెంగళూరులో ఏసీ మెకానిక్. పొలం పనికి వస్తాడా అంటే నా వైపు చూసి నవ్వి, మళ్ళీ నారుకట్ట విప్పాడు.