పూరేడు పిట్టల కథ ఎక్కడ ఆపాలి?

ప్రియమైన తమ్ముడికి,

మూడు నుంచి ఐదో తరగతి పిల్లల కోసం నువ్వు తిరగరాసిన జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, చదివాను. భాష తేటగా ఉంది. కానీ ప్రతి కథ కిందా "ఇందులోని నీతి" అంటూ ఒక వాక్యం పెట్టావు. ముందు అవన్నీ కొట్టేయ్. పిల్లలు కథను వదిలేసి ఆ ఒక్క ముక్కా బట్టీపట్టి పరీక్షలో రాసేస్తారు. కథ చదవకపోయినా రాయగలిగే నీతి వాళ్ళకు దేనికీ అక్కరకు రాదు.

పాలీ భాషలో ఉన్న మూల సంకలనంలోని 547 కథల కట్టుబడి ఇంచుమించు ఒకటే. ముందు బుద్ధుడి కాలంలో జరిగిన ఒక సంగతి, పచ్చుప్పన్నవత్థు. దాని మీద ఆయన చెప్పిన పాత కథ, అతీతవత్థు. అందులో గాథ, అంటే పద్యం, ఆ గాథలోని మాటలకు అర్థం. ఆఖరున, ఆ పాత కథలోని పాత్రల్లో ఎవరు బుద్ధుడి కాలంలో ఎవరుగా పుట్టారో చెప్పే సమోధానం. నువ్వు అందరిలాగే మొదటిదీ చివరిదీ తీసేసి మధ్య కథ ఒక్కటీ ఉంచావు. దాంతో ఏం పోయిందో 33వ కథ, సమ్మోదమాన జాతకం, పట్టుకుని చూద్దాం.

బుద్ధుడి సొంత ఊరు కపిలవస్తులో ఆయన బంధువులు కొట్లాటకు దిగారు. దేనికోసం? నెత్తిన బరువు కింద పెట్టుకునే చుట్టకుదురు కోసం. ఆ సందర్భంలో బుద్ధుడు చెప్పిన కథ ఇది. పెన్సిలు ముక్క కోసమో, బెంచీ చివర చోటు కోసమో రోజూ తగువుపడే పిల్లలకు ఆ చుట్టకుదురు వెంటనే అర్థమవుతుంది. నువ్వు తీసేసిన ఆ రెండు మూడు వాక్యాల్లోనే వాళ్ళ తరగతి గది ఉంది. వాటిని మళ్ళీ పెట్టు.

ఇక అసలు కథ. వేటగాడు వల విసిరితే పూరేడు పిట్టలన్నీ తలా ఒక కన్నంలో తల దూర్చి, ఒక్కసారిగా లేచి, వలను ముళ్ళపొద మీద పడేసి కిందనుంచి తప్పించుకుంటాయి. తరవాత నువ్వు "కొన్నాళ్ళకు పిట్టలు పోట్లాడుకున్నాయి" అని ఒక్క ముక్కలో దాటేశావు. మూలంలో ఏముందో చూడు. మేతకు దిగుతూ ఒక పిట్ట చూసుకోక ఇంకోదాని తల తొక్కింది. "నా తల తొక్కిందెవరు?" "నేనే. కావాలని తొక్కలేదు, కోపగించుకోకు." అయినా రెండోదాని కోపం తగ్గలేదు. మాటామాటా పెరిగి "వల మొత్తం నువ్వొక్కదానివే ఎత్తుతున్నావు కాబోలు" అని దెప్పుకున్నాయి. మళ్ళీ వల పడ్డప్పుడు "కిందటిసారి ఎత్తితే నీ తల మీది వెంట్రుకలు రాలాయటగా, ఇప్పుడు ఎత్తు" అని ఒకటి, "నీ రెక్కల ఈకలు రాలాయటగా, నువ్వే ఎత్తు" అని ఇంకోటి. అలా నువ్వెత్తు నువ్వెత్తు అంటుండగానే వేటగాడు వచ్చి వల లాగేశాడు.

తప్పు చేసిన పిట్ట ఒప్పుకుంది, కోపం వద్దని బతిమాలింది కూడా. అయినా తగవు ఆగలేదు. ఈ చోటు పిల్లలతో మాట్లాడటానికి గని లాంటిది. సంభాషణ తీసేశావంటే ఆ గని మూసుకుపోయినట్టే.

పంచతంత్రంలో వలతో ఎగిరిపోయే పావురాలు మన పిల్లలకు ముందే తెలుసు. ఈ కథ మొదలుపెట్టగానే "మాకు తెలుసు" అంటారు. అననీ. అక్కడ పావురాలు కలిసి ఎగిరాయి, ఎలుక వల కొరికింది, కథ సుఖంగా ముగిసింది. ఇక్కడ ఐకమత్యం సంగతి పిట్టలకు ముందే తెలుసు. తెలిసీ చెడాయి. పైగా వాటికి ఉపాయం చెప్పిన పిట్ట బోధిసత్వుడు, అంటే ఆ జన్మలో బుద్ధుడే. అతను తగవు ఆగదని గ్రహించి, తన వెంట వచ్చేవాళ్ళను తీసుకుని ముందే వెళ్ళిపోతాడు. "మిగతావాటిని అలా వదిలేసి వెళ్ళడం తప్పు కాదా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నువ్వు ఆ పిట్ట వెళ్ళిపోయిన సంగతి దాచి, చివర్లో అన్నిటినీ రాజీ చేయించావు. అలా చేస్తే అడగవలసిన ప్రశ్నే పుట్టదు.

గాథ ఎవరి నోట ఉందో కూడా గమనించు. వట్టి చేతులతో వస్తున్నావేమని భార్య నిలదీస్తే వేటగాడు అంటాడు: కలిసిమెలిసి ఉన్నంతకాలం పిట్టలు వలను ఎత్తుకుపోతాయి, ఎప్పుడు వాదులాడుకుంటాయో అప్పుడు నా చేతికి చిక్కుతాయి. నీతి చెప్పేది పెద్దలు కాదు, పొంచి ఉన్న వేటగాడు. దాన్ని అతని నోటనే ఉంచు.

సమోధానం దగ్గర జాగ్రత్త. మూలంలో తెలివితక్కువ పిట్ట దేవదత్తుడు, బుద్ధుడికి ఎదురుతిరిగిన బంధువు. చెడ్డ పాత్ర అనగానే చాలా కథల్లో అతనే. దాన్ని యథాతథంగా పెడితే "మా క్లాసులో దేవదత్తుడు ఫలానావాడు" అని వేలు చూపిస్తారు, ఆ పిల్లవాడికి ఏడాదంతా అదే పేరు. దానికి బదులు "ఈ వారం నువ్వు ఏ పిట్టవి అయ్యావు?" అని అడిగి, జవాబు ఎవరికి వారు నోటుబుక్కులో రాసుకునేలా చూడు. పైకి చదివించకూడదని టీచర్‌కు స్పష్టంగా రాయి.

కొలతలు చెబుతాను. ఈ వయసుకు కథ 400 మాటలు దాటకూడదు. బిగ్గరగా చదివితే నాలుగైదు నిమిషాలు పడుతుంది. పాత్రల పేర్లు రెండు, కొత్త మాటలు ఐదు, అంతకంటే వద్దు. తల తొక్కిన చోట టీచర్ ఆగి "ఇప్పుడు ఆ రెండో పిట్ట ఏం చేయాలి?" అని అడగాలి. పది నిమిషాలు పిల్లలవే. మిగతా కథ ఆ తరవాతే. మొత్తం చదివేశాక అడిగితే ముగింపును బట్టి జవాబు చెప్పేస్తారు.

ఎంపికలో కొన్ని పక్కన పెట్టు. 316వది, కుందేలు తన శరీరాన్నే ఆహారంగా ఇవ్వడానికి నిప్పుల్లో దూకే కథ. చిన్న పిల్లలు త్యాగాన్ని కాక దూకడాన్ని గుర్తుపెట్టుకుంటారు. 547వది, వెస్సంతరుడు కన్నబిడ్డల్నే దానమిచ్చే కథ. వినే పిల్లలు దాత వైపు కాదు, ఆ బిడ్డల వైపు ఉంటారు. అది న్యాయమే. 61 నుంచి 70 దాకా ఇత్థివగ్గంలో, అంటే స్త్రీల గురించిన భాగంలో, ఆడవాళ్ళను కించపరిచే కథలు చాలా ఉన్నాయి, బడికి అసలు వద్దు.

ఏడో తరగతికి మాత్రం 3వది, సేరివాణిజ జాతకం, తప్పకుండా రాయి. అందులోని ఊరి పేరు అంధపురం, దాన్ని ఆంధ్రులతో ముడిపెట్టిన పండితులున్నారు. ఒక అవ్వ చూపిన మసిపట్టిన గిన్నెను సూదితో గీసి బంగారమని తెలిసీ, అర మాసకం (ఆనాటి చిన్న నాణెం) కూడా చేయదని నేలకేసి కొట్టి వెళతాడు ఒక వర్తకుడు. రెండోవాడు లక్ష విలువని నిజం చెప్పి, తన దగ్గరున్న 500 కహాపణాలూ (ఆనాటి నాణేలు), మరో 500 విలువైన సరుకూ ఇచ్చి, దారిఖర్చుకు ఎనిమిది నాణేలూ తన త్రాసూ సంచీ మాత్రం అడిగి ఉంచుకుంటాడు. లక్ష వస్తువు వెయ్యికి కొనడం న్యాయమా అని పిల్లలు అడుగుతారు. విలువ దాచకుండా చెప్పాడు, అమ్మాలో వద్దో అవ్వ నిర్ణయించుకుంది అని ఒకరంటారు, అయినా అన్యాయమే అని ఇంకొకరంటారు. టీచర్ గైడులో రెండు వాదనలూ రాయి, తీర్పు రాయకు.

ఇంకో సంగతి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. అందుకని "బౌద్ధులు ఇలా చెప్పుకుంటారు" అని మొదలుపెట్టు. వందనాలు, శరణాలు కథలో చేర్చకు.

బొమ్మలు వేసేవారికి కూడా ఒక మాట చెప్పు. బోధిసత్వుడైన పిట్ట తల చుట్టూ కాంతివలయం వద్దు, కిరీటం వద్దు. పిట్టలన్నీ ఒకేలా ఉండాలి. వెళ్ళిపోయేది ఏదో చదివి తెలుసుకోవాలి తప్ప, బొమ్మ చూడగానే తెలిసిపోకూడదు.

ఆశీస్సులతో,
మీ అన్న