మంచు మీద చదివితే దారి మూసుకుపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. ఉపగ్రహాల మైక్రోవేవ్ డేటాతో ధ్రువ ప్రాంతాల మంచును అధ్యయనం చేసే పీజీలో చేరతానంటోంది. తెలిసినవాళ్లంతా ఏఐ చేయించమంటున్నారు. ఎటూ కాకుండా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. రెండింటినీ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: దారేమీ మూసుకుపోదు. ముందు ఆ భయం వదిలేయండి. మైక్రోవేవ్ సిగ్నల్‌ను చదవడం వచ్చినవాళ్లు నేల తేమ, వర్షపాతం, వరద ముంపు, దేనికైనా మళ్లగలరు. 2009లో ప్రయోగించిన స్మాస్ ఉపగ్రహం నేల తేమ, సముద్రపు ఉప్పదనం కొలవడానికి వెళ్లింది. పలచని సముద్రపు మంచు మందాన్ని కూడా ఇప్పుడు దాని డేటాతో లెక్కగడుతున్నారు.

ఏఐ గురించి నా అనుమానం చెబుతాను. కురిసి పేరుకున్న మంచు మందాన్ని అంచనా వేయడానికి నేల నుంచి పైకి వచ్చే 19, 37 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ సిగ్నళ్ల మధ్య తేడా చూస్తారు. మంచు రేణువులు 37ను ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి, మంచు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. అయితే కొత్త మంచు పడకుండానే పాత రేణువులు పెద్దవైనా తేడా పెరుగుతుంది. కాస్త కరిగి తడి చేరిందంటే సిగ్నల్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఇక మందం లెక్కకు అందదు. పైగా ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్, అంటే ఒక్కో చుక్క, నేల మీద దాదాపు 25 కిలోమీటర్ల వెడల్పు. అందులో మంచు, నీళ్లు అన్నీ కలిసే ఉంటాయి. సరిచూసుకుందామంటే ధ్రువాల్లో నేల మీద తీసిన కొలతలు చాలా తక్కువ. ఈ ఫిజిక్స్ తెలియకుండా ఏఐ మోడల్ నడిపేవాళ్లకు జవాబు తప్పొచ్చినా తెలియదు. ఏఐని తప్పుపట్టడం లేదు, ఈ రంగంలోనూ అది కావాలి. కేవలం టూల్స్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులంటేనే నాకు నమ్మకం లేదు.

పోలిక అడిగారు కదా. ఏఐలో మొదటి ఉద్యోగం త్వరగా దొరకొచ్చు, పోటీ ఎక్కువ. మీ అమ్మాయి ఎంచుకున్న మంచు అధ్యయనంలో నిలదొక్కుకోవాలంటే పీహెచ్‌డీ తప్పదు. శాశ్వత పోస్టులు తక్కువ, కొన్నేళ్లు ప్రాజెక్టు కాంట్రాక్టుల మీదే గడవొచ్చు. ధ్రువాలకు వెళ్లాల్సి వస్తుందని భయపడకండి, ఎక్కువమంది పని కంప్యూటర్ ముందే.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరంలో తెలిసినవాళ్ల అభిప్రాయం ఉంది, అమ్మాయికి ఇది ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. అడిగారా? మూడేళ్లు ఫిజిక్స్ చదివిన పిల్ల మాట కంటే బయటివాళ్ల మాట మీకు ఎక్కువైందా?

నింబస్-7 ఉపగ్రహం వెళ్లిన 1978 నుంచీ ధ్రువాల మైక్రోవేవ్ డేటా పోగవుతూనే ఉంది. పేరు నమోదు చేసుకుంటే ఉచితంగానే దొరుకుతుంది. ఈ సెలవుల్లో పైథాన్ ప్రోగ్రామింగ్‌తో ఏదో ఒక ఏడాది గ్రీన్‌లాండ్‌లో మంచు కరగడం ఎప్పుడు మొదలైందో గ్రాఫ్ గీయమనండి. మీరూ పక్కన కూర్చుని చూడండి. ఈ పని తనకు పట్టుబడుతుందో లేదో అప్పుడు తనకే తెలుస్తుంది.