కుక్కలకు వేరుశనగ గింజలు, జీడిపప్పు పెట్టవచ్చా?

ఉప్పూ కారమూ లేకుండా వేయించి పొట్టు తీసిన వేరుశనగ గింజలు నాలుగైదు, లేదా ఒకటి రెండు జీడిపప్పు పలుకులు ఆరోగ్యంగా ఉన్న కుక్క అప్పుడప్పుడు తిన్నందువల్ల ప్రమాదమేమీ లేదు. అయితే వీటి బరువులో దాదాపు సగం కొవ్వే కనుక, గుప్పెళ్లతో పెడితే వాంతులు, విరేచనాలు, కొన్ని కుక్కలలో క్లోమగ్రంథి వాపు కూడా రావచ్చు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో నేను ఎక్కువగా భయపడేది బూజుకు. కళ్లంలో వానకు తడిసి, నల్లబడి, ముక్కవాసన వేసే కాయలను ఏరి వాకిట ఒక మూలన పోస్తారు. కుక్క వాటిని పొట్టుతో సహా నములుతుంది. అటువంటి గింజలపై పెరిగే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. జీడితోటల్లో రాలిన పచ్చి గింజలనూ కొరకనివ్వకూడదు, ఎందుకంటే తొక్కలోని జీడి నోటిని పొక్కిస్తుంది.

బాదం గింజ విషం కాదు గాని, నమలకుండా మింగితే చిన్న కుక్క పేగులో అడ్డుపడవచ్చు. మకడేమియా గింజలు మాత్రం అసలు పెట్టరాదు. తిన్న 12 గంటలలోపే వెనుక కాళ్లు పట్టుతప్పి, వణుకు, జ్వరం వస్తాయి. పాయసంలో జీడిపప్పుతోపాటు పడే కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు (జీడిపప్పు కన్నా అదే ప్రమాదకరం). కొన్ని పీనట్ బటర్ డబ్బాలలో తీపి కోసం కలిపే జైలిటాల్ కొద్దిపాటి మోతాదులోనే రక్తంలో చక్కెరను పడగొడుతుంది. ఇవి తిన్నదని తెలిస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.