రాజవ్వది నాటకం కాదు, తమ్మీ

తమ్మీ,

నీ కథ చదివాను. ఎనుమాముల యార్డులో మిర్చి ఘాటుకు హమాలీలు తుమ్మే చోట నాకూ తుమ్మొచ్చినంత పనైంది, అంత బాగా కుదిరింది. నా గొడవంతా ఏడో పేజీతోనే. గుండెల్లో మంటని రాజవ్వకు హన్మకొండలో ఎండోస్కోపీ చేయిస్తే అంతా నార్మల్ అన్నారు, కోడలు "ఊకె నాటకం" అంది. అంటే అననీ, కోడలు కదా. కానీ తర్వాతి పేరాలో నువ్వూ కోడలి పక్కకే చేరిపోయావు!

యాసిడ్ ఎంత ఎక్కువైతే మంట అంత ఎక్కువని మనందరి లెక్క. ఒంట్లో ఆ లెక్క నడవదు. గుండెల్లో మంటతో కెమెరా పైపు వేయించుకునేవాళ్లలో సగానికి పైగా మందికి అన్నవాహికలో పుండ్లే కనిపించవు. బారెట్ అని ఒకటుంది, అందులో అన్నవాహిక లోపలి పొరే మారిపోతుంది, అయినా వాళ్లలో చాలామందికి యాసిడ్ తగిలింది పెద్దగా తెలియదు.

రాజవ్వకు 24 గంటల పీహెచ్ పరీక్ష రాయి, అన్నవాహికలోకి యాసిడ్ ఎంత వస్తుందో రోజంతా కొలిచేది. ముక్కులోంచి సన్నటి తీగ, నడుముకు చిన్న పెట్టె, మంట అనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. పీహెచ్ ఎంత తగ్గితే యాసిడ్ అంత ఎక్కువన్నట్టు; అది 4 కంటే కిందికి పడిన సమయం, మొత్తం పరీక్ష సమయంలో 4 శాతం లోపుంటే మామూలే అంటారు. రాజవ్వది మామూలుగానే రానీ. కానీ ఆమె బటన్ నొక్కిన దగ్గరల్లా, సరిగ్గా ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే కడుపులోది పైకొచ్చినట్టు గ్రాఫులో కనిపిస్తే? దాన్నే రిఫ్లక్స్ హైపర్‌సెన్సిటివిటీ అంటారు. యాసిడ్ మామూలే, నరాలే గట్టిగా అరుస్తున్నాయి. సదువు రాని ముసలామె అర్ధరాత్రి చీకట్లో తడుముకుని ఆ బటన్ నొక్కడం ఒక్కటి రాసినా కోడలికి జవాబు దొరుకుతుంది, నువ్వు మధ్యలో దూరి ఆమె తరఫున మాట్లాడక్కర్లేదు.

దుబాయిలో ఉన్న కొడుకు ఫోన్ కోసం ఆమె రాత్రంతా మేలుకుందని రాశావు కదా, దాన్ని ఊరికే వదిలేశావు. నిద్ర లేకపోతే, టెన్షన్ పడితే, అదే యాసిడ్ ఇంకా ఎక్కువ మండుతుంది. నువ్వేమో తప్పంతా పచ్చిపులుసు మీదకి తోశావు. ఇలాంటివాళ్లకు డాక్టర్లు ఒక్కోసారి డిప్రెషన్ మందునే చిన్న డోసులో ఇస్తారు, నరాల జోరు తగ్గడానికి. ఆ చీటీ చూసి ఇంట్లోవాళ్లు పిచ్చిగోలీలనుకుంటారు, మా ఇంట్లో నా చీటీ చూసీ అట్లనే అనుకున్నారు.

పదో పేజీలో ఛాతీ పట్టేసి ఎడమ చెయ్యి గుంజుతుంటే సోడా తాగించి పడుకోబెట్టావు. అది కొట్టెయ్. గుండె నొప్పా, అన్నవాహిక మంటా అన్నది ఆమెకే కాదు, ఎవరికీ పైకి తెలియదు. ముందు ఈసీజీ తీయించు, తర్వాత కథ నడుపు.