పట్టికలోని అంకెను బట్టి దేశాలను పోల్చవచ్చునా?

ప్రశ్న: వ్యవసాయంలో వాడే ఇంధనం, విద్యుత్తు వల్ల వెలువడే హరితగృహ వాయువుల పట్టికలో నెదర్లాండ్స్ అంకె ఐస్‌లాండ్ అంకెకు ఎన్నో రెట్లు ఉంది. ఐస్‌లాండ్ సేద్యమే వాతావరణానికి మేలని విద్యార్థులకు చెప్పవచ్చునా? – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఆ ఒక్క అంకెను పట్టుకుని అలా చెప్పకండి. ముందు ఆ పట్టికలో ఏవేవి కలిపారో చూడాలి. ట్రాక్టర్లు, కోతయంత్రాలు, నీటి ఇంజన్లు, ధాన్యం ఆరబెట్టే యంత్రాలు కాల్చే డీజిల్, గ్యాస్, బొగ్గు దీని కిందికి వస్తాయి. వరిమళ్ల నుంచి, పశువుల నుంచి వచ్చే మీథేన్‌కు, ఎరువు వేసిన నేల నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌కు వేరే పద్దు ఉంది.

మీరు ఎంచుకున్న జంటలో మొదటి చిక్కు చేపల వేట. దేశాలు ఉద్గారాలను లెక్కగట్టడానికి ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) ఇచ్చిన 2006 మార్గదర్శకాలు వ్యవసాయం, అడవులు, చేపల వేటల్లో కాల్చే ఇంధనాన్ని ఒకే వర్గంలో ఉంచాయి. ఐస్‌లాండ్‌లో సాగు కొద్ది, వేట పెద్ద పరిశ్రమ. పడవల ఇంధనాన్ని విడదీయని పట్టికలో ఆ దేశం పేర కనిపించే దానిలో అధిక భాగం సముద్రం మీద కాలినదే.

రెండో చిక్కు గ్రీన్‌హౌస్‌లది. ఐస్‌లాండ్ రైతులు వాటిని భూగర్భంలోని వేడినీటితో వెచ్చబరుస్తారు, దీపాలకు జలవిద్యుత్తు, భూతాప విద్యుత్తు వాడతారు. నెదర్లాండ్స్‌లో చాలామంది సహజవాయువుతో నడిచే ఇంజన్లు పెట్టుకున్నారు. ఇంజన్ వేడి మొక్కలకు పోతుంది, విద్యుత్తులో కొంత దీపాలకు పోగా మిగిలినది గ్రిడ్‌కు అమ్ముడవుతుంది, పొగను శుద్ధిచేసి అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను సైతం మొక్కలకే అందిస్తారు. ఆ గ్యాస్ అంతటినీ సేద్యం ఖాతాలో రాస్తే, ఎవరి ఇంట్లోనో వెలిగిన దీపానికి కూడా టమాటా రైతే బాధ్యుడవుతాడు. ఇది న్యాయమని నేను అనుకోను. అమ్మిన విద్యుత్తు వాటాను విడదీసి చూపిన లెక్కనే నమ్మదగినదిగా భావిస్తాను.

విద్యుత్తును ఏ పద్దులో రాశారన్నది అన్నిటికంటే ముఖ్యం. దేశాలు ఐక్యరాజ్యసమితికి సమర్పించే లెక్కల్లో కరెంటు తాలూకు ఉద్గారాలు విద్యుత్ కేంద్రం పేర ఉంటాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్కల్లో పొలంలో వాడిన కరెంటును కూడా కలుపుతారు. లీటరు డీజిల్ ఎక్కడ కాలినా సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. యూనిట్ కరెంటుకు బొగ్గు కేంద్రంలో దాదాపు కిలో వస్తే, జలవిద్యుత్ కేంద్రంలో కాల్చే ఇంధనమే లేదు. అందువల్ల డీజిల్ ఇంజన్ తీసి కరెంటు మోటారు బిగించిన దేశం మొదటి రకం లెక్కలో సేద్యపు ఉద్గారాలను అమాంతం తగ్గించుకున్నట్లు కనిపిస్తుంది, ఆ కరెంటు బొగ్గుదే అయినా సరే. రోడ్డు పక్క బంకులో కొన్న ట్రాక్టర్ డీజిల్ రవాణా పద్దులో చేరిపోయే అవకాశం ఉన్న దేశాలతో పోల్చేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

ఇక దేనితో భాగించాలన్నది మిగిలింది. ఎకరాకు లెక్కవేస్తే, కొద్ది నేలలో అపారమైన దిగుబడి తీసే గ్రీన్‌హౌస్ ఎప్పుడూ దోషిగానే నిలబడుతుంది. మీ తరగతికి నా సలహా ఇది: వేటను పక్కన పెట్టి, ఒకే సంవత్సరానికి, రెండు దేశాల గ్రీన్‌హౌస్‌లలో టన్ను టమాటాకు ఖర్చయిన వేడిని, కరెంటును విడివిడిగా రాయించి, ఒక్కొక్కటి ఏ ఇంధనం నుంచి వచ్చిందో ఎదురుగా గుర్తించమనండి.